గంట ఎందుకు కొట్టాలి?

సభకు నమస్కారం.

పండిత సభలు జరిగే తిరుపతిలో టీవీ పిచ్చి ఆటల మీద ఉపన్యాసమా అని కొందరు పెద్దలు అడిగారు. అడగదగిన మాటే. నాకు మాత్రం ఆ ఆటల్లో సాధన కనిపిస్తుంది. ఎవరూ చేయమని అడగని పనిని ఒక మనిషి ఏళ్ల తరబడి ఇష్టంగా చేసుకుంటూ వస్తాడు. ఆ ఇష్టాన్ని చూడటానికే జనం కూర్చుంటారు.

జర్మనీలో 1981లో ‘వెట్టెన్, దాస్..?’ అని ఒక కార్యక్రమం మొదలైంది. మామూలు మనిషి వేదికెక్కి తనకొచ్చిన వింత విద్య చెబుతాడు. పేరున్న అతిథి అది జరుగుతుందో లేదో పందెం కాయాలి. ఓడితే ఆ అతిథే ఏదో ఒక పని చేసి తీరాలి. ఎంత మర్యాదైన ఏర్పాటో చూడండి! పరీక్ష సామాన్యుడిది, ఓడితే శిక్ష పెద్దమనిషిది.

1988లో ఒకాయన రంగు పెన్సిళ్లను నాకి, రుచిని బట్టి రంగు చెబుతానన్నాడు. కళ్లకు గంతలు కట్టారు. అన్నీ సరిగ్గా చెప్పాడు. ఆ తర్వాత, గంతల సందులోంచి చూశానని అక్కడే ఒప్పుకున్నాడు. ఆయనొక హాస్య పత్రిక సంపాదకుడు. దాని మీద పెద్ద గొడవే అయింది. పెన్సిల్ రుచి ఎవరికి కావాలి? అయినా జనానికి కోపం వచ్చింది. పని ఎంత పనికిమాలినదైనా అది నిజంగా చేసి చూపాలన్నదే వాళ్ల పట్టు.

అమెరికాలో 1976లో వచ్చిన ‘గాంగ్ షో’లో నచ్చకపోతే న్యాయనిర్ణేతలు పెద్ద గంట మోగించి పంపేసేవారు. పగటి ప్రసారంలో గెలుపు బహుమతి 516 డాలర్ల 32 సెంట్లు. ఆ చిల్లర లెక్క నాకు ఇష్టమే, ఆ గంట మాత్రం నచ్చదు.

మన అష్టావధానంలోనూ గంట ఉంది కదా! అవధానిని పరీక్షించే పృచ్ఛకుల్లో ఒకరు తోచినప్పుడల్లా కొడతారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో కవ్విస్తారు. ఇటు పద్యం నడుపుతూనే ఎన్ని గంటలు మోగాయో అవధాని చివర్లో చెప్పాలి. ఆ గంట మనిషిని వెళ్లగొట్టదు, అతని ధారణను పరీక్షిస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం కట్టినవాళ్లనూ ఎవరూ మధ్యలో దింపేయరు. వేషాలు చూసి పెరిగిన ఊరు మనది.

ఒక హద్దు మాత్రం ఉండాలి. 2010లో ఆ జర్మనీ కార్యక్రమంలోనే, ఎదురొచ్చే కార్ల మీదుగా గెంతబోయిన యువకుడు పడి, శరీరం చచ్చుబడింది. ప్రసారం మధ్యలోనే ఆపేశారు. ప్రాణం మీదికి వచ్చే విద్య ఇలాంటి వేదికకు తగదు.

కళాశాలల అధ్యాపకులు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నాను. వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సుల మధ్య ఒక గంట సమయం ఇలాంటి విద్యలకు ఇవ్వండి. చూడకుండా మూరెడు మల్లెలు కట్టే పిల్ల ఉండొచ్చు, హారన్ విని ఏ బండో చెప్పే పిల్లవాడు ఉండొచ్చు. పందెం ప్రిన్సిపాల్ గారే కాయాలి. ఓడిపోతే మర్నాడు హాస్టల్లో ఇడ్లీలు ఆయనే వడ్డించాలి.