కీ నొక్కితే ముందు పలికేదెవరు? ఈమాక్స్ కీమ్యాపుల ముచ్చట

హోస్ట్: నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నం. ఇయ్యాల ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ల షార్ట్‌కట్ నొక్కినంక లోపల ఏం జరుగుతదో చూద్దాం. అక్కా, చానమంది అడిగేది ఒక్కటే. కంట్రోల్-సి కంట్రోల్-ఎల్‌కు గ్లోబల్‌గ సొంత కమాండ్ పెట్టుకుంటరు. మామూలు టెక్స్ట్ ఫైల్ల మంచిగ నడుస్తది, ఆర్గ్ ఫైల్ (నోట్సు, పనుల లిస్టులు రాసుకునేది) తెరిస్తే మాత్రం లింక్ అడుగుతది. ఎందుకు?

అతిథి: ఎందుకంటే ఆర్గ్ మోడ్‌కు ఆ కీ మీద సొంత కమాండ్ ఉంది తమ్మీ, లింక్ పెట్టేది. ఈమాక్స్‌ల షార్ట్‌కట్లకు ఒక్కటే పట్టిక ఉంటదని అనుకుంటరు. అట్ల కాదు, ఎన్నో ఉంటయ్. ఒక్కో పట్టిక ఒక్కో కీమ్యాప్. కీ పడంగనే పైనుంచి కిందికి ఒక్కోదాన్ని అడుక్కుంట పోతది. ఎవరి దగ్గర ముందు దొరికితే వాళ్లదే కమాండ్, కిందోళ్లను ఇంక అడగనే అడగదు.

హోస్ట్: ఏ వరుసల అడుగుతది?

అతిథి: అందరికన్న పైన ఓవర్‌రైడింగ్ మ్యాపులు ఉంటయ్, అవి అప్పుడప్పుడు కొద్దిసేపు వచ్చిపోయేటివి. రోజూ మనకు తగిలేటివి నాలుగు. కర్సర్ ఉన్న కాడ టెక్స్ట్‌కే అంటిపెట్టిన కీమ్యాప్ మొదలు. బటన్లు, లింకులు ఎంటర్‌కు పలికేది దాంతోనే. తర్వాత మైనర్ మోడ్లు, అంటే అదనంగ ఆన్, ఆఫ్ చేసుకునేటివి. ఆ తర్వాత మేజర్ మోడ్, అంటే ఆ ఫైల్ రకానికి తగ్గ ముఖ్యమైన మోడ్, ఆర్గ్ లెక్క. అన్నిటికన్న అడుగున గ్లోబల్. గ్లోబల్‌ల పెట్టింది అన్ని చోట్ల పనిచేస్తదని అనుకుంటం గని, అది పైన ఎవరూ అడ్డం రానప్పుడే.

హోస్ట్: రెండు మైనర్ మోడ్లు ఒకే కీ కోసం కొట్లాడితే?

అతిథి: చివర ఆన్ చేసింది గెలుస్తదని చానమంది అంటరు. తప్పు. లోపల ఒక లిస్ట్ ఉంటది, మైనర్-మోడ్-మ్యాప్-అలిస్ట్ అని. మామూలుగ కొత్త మోడ్ లోడ్ కాంగనే దాని మ్యాప్ ఆ లిస్ట్ మొదట్ల చేరుతది. అంటే చివర లోడ్ అయినదే గెలుస్తది. మోడ్‌ను ఆపి మళ్ల ఆన్ చేసినా వరుస మారది. ఇనిట్ ఫైల్ల, అంటే ఈమాక్స్ మొదలైతున్నప్పుడు చదివే సెట్టింగుల ఫైల్ల, రెండు లైన్లు అటుఇటు చేస్తే షార్ట్‌కట్ మారిపోతది చూడు, అందుకే.

హోస్ట్: మరి కంట్రోల్-ఎక్స్ లాంటివి? అవి కమాండ్లు కావు గదా.

అతిథి: కావు. కంట్రోల్-ఎక్స్ నార్కట్‌పల్లి లెక్క. హైదరాబాద్ నుంచి వస్తుంటే అది మలుపు, చేరాల్సిన ఊరు కాదు. కుడికి తిరిగితే నల్లగొండ, సీదా పోతే సూర్యాపేట. కీమ్యాప్‌ల కంట్రోల్-ఎక్స్ ఎదురుంగ కమాండ్ ఉండదు, ఇంకో కీమ్యాప్ ఉంటది. దీన్నే ప్రిఫిక్స్ కీ అంటరు. మైనర్ మోడ్ కంట్రోల్-సి కింద ఒక మ్యాప్ పెట్టుకున్నా, మేజర్ మోడ్ కంట్రోల్-సి కింద పెట్టుకున్నయ్ పోవు, రెండూ కలిసి నడుస్తయ్. కానీ మైనర్ మోడ్ ఉత్త కంట్రోల్-సికే ఒక కమాండ్ కట్టేస్తే మలుపు మూసుకపోతది. కిందున్న మ్యాపుల కంట్రోల్-సి షార్ట్‌కట్లన్నీ అందకుండ పోతయ్. ఇంకోటి, కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఎఫ్ ఇప్పటికే కమాండ్. దాని వెనక ఇంకో అక్షరం కలిపి కొత్త షార్ట్‌కట్ కడతనంటే "నాన్-ప్రిఫిక్స్ కీతో మొదలైంది" అని ఎర్రర్ ఇస్తది.

హోస్ట్: ఎస్కేప్ కీకి ఏదన్న కట్టినా ఇసొంటిదే జరుగుతదంటరు.

అతిథి: అది ఇంకా ఘోరం. మెటా అంటే మామూలుగ ఆల్ట్ కీ. ఈమాక్స్ లోపల మెటా-ఎక్స్ అంటే ఎస్కేప్ నొక్కి ఎక్స్ నొక్కినట్టే. మెటా షార్ట్‌కట్లన్నీ ఎస్కేప్ కింది మ్యాప్‌లనే ఉంటయ్. ఉత్త ఎస్కేప్‌కు గ్లోబల్‌ల కమాండ్ కడితే మెటా-ఎక్స్ కూడ పోతది. గ్రాఫికల్ ఈమాక్స్‌ల, అంటే టెర్మినల్ల కాకుండ సొంత విండోల నడిచేదాంట్ల, యాంగిల్ బ్రాకెట్లల్ల (< >) రాసే ఎస్కేప్ వేరే ఈవెంట్, ఈమాక్స్‌కు వేరే కీ లెక్క, దానికి కట్టుకుంటే ఈ బాధ లేదు.

హోస్ట్: ట్యాబ్‌ది కూడ ఇట్లాంటి తిరకాసే గదా?

అతిథి: అంతకన్న లోతుది. పాత టెర్మినల్ లెక్కల, పెద్ద అక్షరాలకు కంట్రోల్ అంటే కోడ్‌ల 64 తీసేయుడు. పెద్ద ఐ 73, 64 తీస్తే 9. ట్యాబ్ కూడ 9. ఎమ్ 77, తీస్తే 13, అది ఎంటర్. అందుకే టెర్మినల్ల కంట్రోల్-ఐ వేరు, ట్యాబ్ వేరు అంటే కుదరది. గ్రాఫికల్ల ట్యాబ్ కీ వేరే ఈవెంట్‌గ వస్తది, దాన్ని యాంగిల్ బ్రాకెట్ల మధ్య చిన్న అక్షరాలతోటి రాస్తరు. ముందు అన్ని మ్యాపులల్ల ఆ పేరుతోటే వెతుకుతది. ఎక్కడా దొరకకపోతేనే 9గ మార్చి మళ్ల వెతుకుతది. ఇప్పుడు చూడు, బ్రాకెట్ల ట్యాబ్‌ను గ్లోబల్‌ల కట్టినవ్ అనుకో. దొరికింది గదా, ఇంక మార్చుడే ఉండది. మేజర్ మోడ్ పైన ఉన్నా, దాని దగ్గర మామూలు ట్యాబే ఉంటే అడుగున ఉన్న గ్లోబల్ చేతిల ఓడిపోతది. అందుకే బ్రాకెట్లు లేని పెద్దక్షరాల ట్యాబ్‌కే కట్టుమని అంటరు.

హోస్ట్: తప్పు యాడ ఉందో పట్టుకునుడు ఎట్ల?

అతిథి: ముందు కంట్రోల్-హెచ్ కె, తర్వాత అనుమానమున్న కీ. ఏ కమాండ్ నడుస్తుందో, ఏ కీమ్యాప్‌ల దొరికిందో రెండూ చెప్తది. కీ మార్చి వెతికితే దేన్నుంచి మార్చిందో కూడ చూపిస్తది. కంట్రోల్-హెచ్ బి ఆ బఫర్ల (తెరిచి ఉన్న ఫైల్ల) ఉన్న షార్ట్‌కట్లన్నీ వరుసగ పెడుతది. ఏ కీ పడిందో నీకే తెల్వకపోతే కంట్రోల్-హెచ్ ఎల్, మామూలుగ చివరి 300 కీలు కనిపిస్తయ్. దోషి మ్యాప్ తెలిసినంక అదే మ్యాప్‌ల మార్చాలె. ఆర్గ్ అయితే ఆర్గ్-మోడ్-మ్యాప్‌ల, అది కూడ ఆర్గ్ లోడ్ అయినంకనే, విత్-ఇవాల్-ఆఫ్టర్-లోడ్ లోపల. లేకపోతే ఆ వేరియబులే లేదని ఎర్రర్. 2023ల వచ్చిన 29 వర్షన్ నుంచి కీమ్యాప్-సెట్ ఉంది. కీ పేరు తప్పు రాస్తే అప్పుడే ఆపుతది, పాత డిఫైన్-కీ కన్న అదే నయం.

హోస్ట్: కీని తీసెయ్యాలంటే?

అతిథి: నిల్, అంటే ఖాళీ, పెడితే ఆ మ్యాప్ "నా దగ్గర లేదు" అంటది, కింది మ్యాప్‌ను అడుగుతది. ఎవరికీ పోవద్దంటే ఇగ్నోర్ కమాండ్ కట్టాలె.

హోస్ట్: ఆఖరిది. సిస్టంల తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్ పెట్టుకుంటే లైనక్స్‌ల ఈమాక్స్ షార్ట్‌కట్లన్నీ పోతయ్ గదా?

అతిథి: పోతయ్. ఇన్‌స్క్రిప్ట్‌ల ఎక్స్ కీ మీద సున్న ఉంటది. నువ్వు కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఈమాక్స్‌కు అందేది కంట్రోల్-ం. దాన్ని ఏ మ్యాపూ ఎరగది, "అన్‌డిఫైన్డ్" అంటది. సిస్టంల ఇంగ్లిష్‌నే ఉంచి, ఈమాక్స్‌లనే కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొట్టి తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అని ఎంచుకోవాలె. ఐట్రాన్స్ (ఇంగ్లిష్ అక్షరాలతోటి తెలుగు కొట్టే పద్ధతి) అలవాటున్నోళ్లకు తెలుగు-ఐట్రాన్స్ ఉంది. ఈ ఇన్‌పుట్ మెథడ్ కంట్రోల్, మెటా లేని అక్షరాలనే ముట్టుకుంటది, అది కూడ వరుసల మొదటి కీనే. అందుకే కంట్రోల్-ఎక్స్ తర్వాత బి కొడితే అది బి-యే, వ కాదు.

హోస్ట్: మరి ఉత్త 'క' కొడితే? దానికి మ్యాప్‌ల వెతుకుడు ఉండదా?

అతిథి: ఎందుకుండది! 'క' కూడ కీనే. పైన ఎవరూ పట్టుకోకపోతే గ్లోబల్ మ్యాప్ దాకా పోతది, అక్కడ సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్ దొరుకుతది, స్క్రీన్ మీద 'క' పడుతది. కావాలంటే కంట్రోల్-హెచ్ కె కొట్టి 'క' నొక్కి చూడు, పేరు చెప్తది.