స్విచ్ మీద అంటించిన టేపు

(ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు కూర్చున్న పాలిటెక్నిక్ పిల్లలకీ, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ డ్రైవరన్నలకీ.

ఆ మధ్య మా షెడ్డుకి ఒక లారీ వచ్చింది. డ్రైవరేమో "లాగట్లేదు" అన్నాడు. ఓనరు గారు ఫోన్ చేసి "డీజిల్ తాగేస్తోంది" అన్నారు. రెండూ ఒకే బండి గురించే. లాగని బండి తక్కువ తాగాలి కదా అని మీకు అనిపించొచ్చు. క్యాబిన్ ఎక్కి చూస్తే సంగతి తెలిసింది. డ్యాష్‌బోర్డు మీద పవర్, ఎకానమీ స్విచ్ ఉంటుంది చూడండి, దాన్ని ఎకానమీలో పెట్టి పైన సెల్లోటేపు అంటించారు. డ్రైవరు మార్చకుండా!

ఆ బండి మోసేది చీమకుర్తి గ్రానైట్. ఎకానమీలో ఇంజన్ టార్క్‌కి, అంటే తిప్పే బలానికి, పరిమితి పడుతుంది. ఎత్తు రాగానే బండి చతికిలబడుతుంది. డ్రైవరు ఒక గేరు దించుతాడు, చాలక ఇంకోటి దించుతాడు. చిన్న గేరులో ఇంజన్ గోల ఎక్కువ, కదలిక తక్కువ. అదే కిలోమీటరుకి ఎక్కువ చుట్లు తిరగాలి, ఆ రాపిడికంతా డీజిలే కాలాలి. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం మీటరులో పచ్చ గీత ఉంటుంది కదా, చాలా లారీల్లో సుమారు 1200 నుంచి 1600 మధ్య. ఇంజన్ తిన్నదానికి తగ్గ పని చేసే చోటు అది. లోడుకి సరిపడా పవర్ ఉంటేనే ముల్లు అక్కడ నిలుస్తుంది. నేను చేసిన రిపేరల్లా టేపు పీకడమే. లోడుతో వెళ్తే పవర్, ఎంప్టీగా వస్తే ఎకానమీ అని చెప్పి పంపాను.

అలాగని పెద్ద ఇంజనే మేలని కాదు. గ్రానైట్ లోడు బరువుకి తాగిస్తుంది. ఆదిలాబాద్ పత్తి లోడు అంత బరువుండదు, కానీ ఎత్తుగా, గోడలా ఉంటుంది. అది గాలికి తాగిస్తుంది. పిల్లలూ, ఈ లెక్క మీకు తెలిసిందే: గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది, అడ్డం మాత్రం 78 శాతం పెరిగింది. ఆ గాలిని తోయడానికి కావాల్సిన పవర్ రెండింతలు దాటుతుంది. పత్తి బండిని ఎంత పెద్ద ఇంజన్‌తో లాగినా ఈ లెక్క మారదు. 60లో నడిపితే మాత్రం మారుతుంది.

కార్ల సంగతి వేరు. పాత అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఇచ్చింది 50 హార్స్ పవర్ దగ్గర. ఇవాళ 998 సీసీ టర్బో 120 దాకా ఇస్తోంది. టర్బో కొత్తదేం కాదు, స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి గాలితో ఒక చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలిని దట్టించడం. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే పన్ను తక్కువ కాబట్టి కంపెనీలకి ఈ చిన్న ఇంజన్లు బాగా కలిసొచ్చాయి. నెమ్మదిగా నడిపితే అది చిన్న ఇంజన్, మైలేజీ ఇస్తుంది. తొక్కితే అది పెద్ద ఇంజన్, పెద్ద ఇంజన్‌లాగే తాగుతుంది. షోరూములో ఈ రెండూ ఒకే వాక్యంలో చెబుతారు, అక్కడే మోసపోతాం.

అన్నట్టు, ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్‌లో లీటరుకి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. ఇరవై శాతం కలిపితే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. దానివల్ల మైలేజీ తగ్గితే మెకానిక్‌ని తిట్టకండి.

ఇక డ్రైవరన్నలకి ఒక్క మాట. నేను క్లీనరుగా ఉన్నప్పుడు మా మేనమామ నంద్యాల నుంచి సోనా బియ్యం లోడుతో గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ దిగుతూ న్యూట్రల్ చేశాడు. "దిగుడులో ఇంజన్‌కి పనేంట్రా, డీజిల్ దండగ" అన్నాడు. ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీదే పడింది. మూడో మలుపుకల్లా బ్రేకు లైనర్ల కమురు వాసన క్యాబిన్‌లోకి కొట్టింది. దిగి చూస్తే వెనక డ్రమ్ముల్లోంచి పొగ. నేను రాయి పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నా, మామ బీడీ వెలిగించుకుని నాతో మాట్లాడలేదు.

పోనీ డీజిలైనా మిగిలిందా? లేదు. గేరులో ఉంచి ఎక్సలేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, అప్పుడు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. ఆ రోజుల్లో పంపులో గవర్నర్ ఆపేది, ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఆపుతోంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజన్ ఆరిపోకుండా ఐడ్లింగ్‌కి డీజిల్ కాల్చాల్సిందే. పైగా ఐడ్లింగ్‌లో బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంది, బ్రేకులకి ఎయిర్ తొందరగా ఎక్కదు.

బయట ఒక బండి పెట్టించాను. టీ తాగి రండి, స్టార్ట్ చేసి ఆ స్విచ్ నొక్కితే ఏం మారుతుందో మీటర్లోనే చూపిస్తాను. వెనక నిలబడ్డవాళ్లకి ముందు టీ ఇవ్వండయ్యా.