వేటకుక్కల పెయింటింగ్స్ రివ్యూ: బొచ్చు ఒక్కటే చూడకండి
హలో అండీ అందరికీ, ఈరోజు వేటకుక్కలు, అవి పసిగట్టే పిట్టలు ఉన్న పెయింటింగ్స్ చూద్దాం. ఇలాంటి బొమ్మ కనిపిస్తే చాలు "అబ్బ, అచ్చం ఫోటోలా ఉంది, వెంట్రుక వెంట్రుకా వేశాడు" అంటాం కదా, నా దృష్టిలో అది సగం పనే, అసలు చూడాల్సింది కుక్క ఒంట్లో ఆ బిగువు వచ్చిందా లేదా అని.

ముందుగా ఫ్రాన్స్ పెయింటర్ దెపోర్ట్ స్టైల్ చూద్దాం. ఈయన 14వ లూయీ రాజు వేటకుక్కలకి పోర్ట్రెయిట్స్ వేశాడు, ఒక్కో కుక్క పేరు కూడా బొమ్మ మీదే బంగారు అక్షరాలతో రాశాడు, అంటే ఏదో ఒక కుక్క కాదు, ఫలానా కుక్క అన్నమాట. పాయింటర్ జాతి కుక్క ఏం చేస్తుందంటే, పిట్ట వాసన తగలగానే ఉన్నచోటే ఆగిపోతుంది, ముందు కాలు ఒకటి పైకెత్తి, ముక్కు నుంచి తోక దాకా ఒకే గీతలా బిగుసుకుపోతుంది, అటు గడ్డిలో పిట్ట కూడా నేలకి అతుక్కుపోయి కదలదు. చూశారా, అక్కడ నిజంగానే అంతా ఆగిపోయి ఉంది! అందుకే ఈ సీన్‌కి పెయింటింగ్ అంత బాగా కుదురుతుంది. కొత్తగా వేసేవాళ్ళు చాలామంది బొచ్చు అద్భుతంగా వేస్తారు గానీ బరువు ఏ కాలి మీద ఉందో పట్టించుకోరు, దాంతో కుక్క గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

పిట్టలకైతే స్కాట్లాండ్ ఆర్టిస్ట్ థోర్బర్న్‌ని చూడండి, గ్రౌజ్ అనే అడవికోడి లాంటి పిట్టలు పొదల రంగులో ఎలా కలిసిపోతాయో వాటర్ కలర్‌లో చూపిస్తాడు. స్వీడన్ పెయింటర్ లిల్యెఫోర్స్ 1884లో వేసిన డేగ, నల్ల గ్రౌజ్‌ల బొమ్మ కూడా సూపర్, ఆయన జంతువుల్ని ఇంటి దగ్గరే పెంచుకుని గమనించేవాడు.

కానీ నా ఫస్ట్ ప్లేస్ మాత్రం ఫ్రాన్స్ పెయింటర్ ఊద్రీకే. 1752లో ఆయన వేసిన వేటకుక్క తల్లి బొమ్మలో వేటే లేదు, పిట్టా లేదు, ఎండుగడ్డి మీద పిల్లలకి పాలిస్తోంది అంతే, పక్క నుంచి వెలుతురు పడుతోంది, కానీ ఆ తల్లి మెడలో, కళ్ళలో ఉన్న జాగ్రత్త చూడండి, వేటలో ఉన్నప్పటి బిగువే అది. పారిస్‌లో వేట మ్యూజియం ఉంది, అక్కడ ఉంటుంది ఈ బొమ్మ, వెళ్ళే ఛాన్స్ ఉంటే దీని ముందు కాస్త ఎక్కువసేపు నిలబడండి.