ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి: పాత డెస్క్‌టాప్‌లో గేమ్స్‌పై ఫోన్-ఇన్

(శ్రీకాకుళం నుంచి ప్రసారమైన కార్యక్రమానికి రాతప్రతి. ఫోన్ చేసినవారి పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా.)

యాంకర్: నమస్కారం. సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లలు గేమ్స్ అంటున్నారు, ఇంట్లో ఉన్నదేమో పాత కంప్యూటర్. దానికి డబ్బు పెట్టాలా, మానాలా? ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్న టెక్నీషియన్ గారు మనతో ఉన్నారు. నమస్తే సార్.

టెక్నీషియన్: నమస్తే అండి. ఒక్క మాట. ఫోన్ చేసేవాళ్లు ఏ గేమ్ ఆడాలో, ప్రాసెసర్ నంబరేంటో ముందే రాసి పెట్టుకోండి. "కంప్యూటర్ పాతదైపోయింది సార్" అంటే నాకేం తెలుస్తుంది?

యాంకర్: మొదటి కాల్ పలాస నుంచి. చెప్పండి.

కాలర్ (పలాస): సార్, నాది కోర్ టు డుయో ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు వేస్తే కొత్త గేమ్స్ వస్తాయా?

టెక్నీషియన్: రావు. దానిమీద రూపాయి కూడా పెట్టకండి.

కాలర్ (పలాస): కార్డు మా ఫ్రెండ్ ఊరికే ఇస్తానన్నాడు సార్...

టెక్నీషియన్: ఊరికే ఇచ్చినా అంతే బాబూ. పాత గేమ్స్ ఆడుకో, హాయిగా నడుస్తాయి.

యాంకర్: థాంక్యూ. తర్వాత నరసన్నపేట. హలో?

కాలర్ (నరసన్నపేట): హలో... హలో... వినబడుతోందాండి?

యాంకర్: వినబడుతోంది సార్. మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్ (నరసన్నపేట): ఆ, తగ్గించాను. నాది బట్టల షాపండి. 2014లో మా పెద్దమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు వైజాగ్‌లో డెస్క్‌టాప్ కొన్నాను. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడాది. కొన్న కొత్తలోనే తుపాను, కరెంటు లేదు, కొన్నాళ్లు పెట్టె కూడా విప్పలేదు. అమ్మాయి చదువైపోయింది, పెళ్లయింది, హైదరాబాద్‌లో ఉంది. ఇప్పుడు మా గుంటడు ఇంటర్. వాడు గేమ్స్ ఆడతానంటాడు. ఇక్కడొకాయన్ని అడిగితే కార్డు, ర్యామ్, ఇంకేవో కలిపి ముప్పై వేలవుతుందన్నాడు. పెట్టొచ్చంటారా?

టెక్నీషియన్: ఏ గేమ్?

కాలర్ (నరసన్నపేట): కార్ల గేమండి. దొంగతనాలూ అవీ ఉంటాయి...

(వెనక నుంచి గొంతు: జీటీఏ ఫైవ్, వాలరెంట్ అని చెప్పు!)

టెక్నీషియన్: పక్కనే ఉన్నాడన్నమాట. ప్రాసెసర్ ఏంటో చూశారా?

కాలర్ (నరసన్నపేట): ఐ5 అని స్టిక్కర్ ఉందండి. నంబరు... ఏరా? 4460 అంట.

టెక్నీషియన్: నాలుగో తరం ఐ5. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్. షావుకారు గారూ, అది చచ్చిన మిషన్ కాదు. జీటీఏ ఫైవ్ కంప్యూటర్‌కి వచ్చింది 2015లో. అప్పుడు దాన్ని చేసినవాళ్లే బాగా ఆడటానికి మూడో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, రెండు జీబీ కార్డు ఉండాలన్నారు. మీది అంతకన్నా ఒక మెట్టు పైన. వాలరెంట్ ఇంకా తేలిక. ర్యామ్ ఎంత?

కాలర్ (నరసన్నపేట): నాలుగు జీబీ. హార్డ్ డిస్క్ ఐదొందలు. అయితే ముప్పై వేలు పెట్టొచ్చు?

టెక్నీషియన్: పెట్టకూడదు. ముప్పై వేలు దానికి చాలా ఎక్కువ. నేను రోజూ కౌంటర్లో చెప్పే మాటే చెబుతున్నాను. పాత కంప్యూటర్‌కి పెట్టే డబ్బులో రేపు కొత్తదానికి పనికొచ్చేదెంత, రానిదెంత, అది చూడండి. మీ బోర్డులో ఉండేది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్. అది కొత్త బోర్డులో పట్టదు. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌ది ఇంకో నాలుగు జీబీ వేసి ఎనిమిది చేసి ఆపేయండి. ఎస్ఎస్‌డీ కొంటే రేపు కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. మంచి ఎస్‌ఎంపీఎస్ కొంటే అదీ అంతే. కార్డూ అంతే.

కాలర్ (నరసన్నపేట): ఎస్ఎస్‌డీ అంటే?

టెక్నీషియన్: హార్డ్ డిస్క్ బదులు పెట్టేది. లోపల తిరిగే పళ్లెం ఉండదు. మీ పాత డిస్క్ సెకనుకి వంద, నూట యాభై ఎంబీ చదివితే ఇది ఐదొందలు చదువుతుంది. కంప్యూటర్ టక్కున ఆన్ అవుతుంది, గేమ్ తొందరగా తెరుచుకుంటుంది. కానీ బొమ్మ నున్నగా కదలడానికి ఇది సాయం చెయ్యదు. ఆ పని కార్డుది. ఈ రెండూ కలిపేసి చెప్పి అమ్ముతుంటారు.

కాలర్ (నరసన్నపేట): కార్డు ఏది కొనమంటారు?

టెక్నీషియన్: దానికన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ చూశారా?

కాలర్ (నరసన్నపేట): అదేటండి?

టెక్నీషియన్: కరెంటు వైరు వెనక గుచ్చుతారు కదా, లోపల ఆ డబ్బా. ప్లగ్ పూర్తిగా పీకేసి, సైడు రేకు విప్పితే డబ్బా మీద స్టిక్కర్ కనబడుతుంది. డబ్బాని మాత్రం విప్పకండి, ప్లగ్ పీకాక కూడా లోపల షాక్ ఉంటుంది. స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంప్స్ అని ఉందో చదవండి. పెద్దక్షరాల్లో 450 వాట్స్ అని ఉంటుంది, దాన్ని నమ్మకండి. క్యాబినెట్‌తో పాటు వచ్చే డబ్బాలన్నిటి మీదా అలాగే రాస్తారు.

కాలర్ (నరసన్నపేట): ఒక్క నిమిషం, మావాడు మాట్లాడతానంటున్నాడు.

కాలర్ (అబ్బాయి): సార్ నమస్తే. సెకండ్‌హ్యాండ్ జీటీఎక్స్ 1650 కార్డు వద్దు సార్, వారంటీ ఉండదు. కొత్తది ఆర్ఎక్స్ 6400 తీసుకుంటాను. 53 వాట్లే తింటుంది, వేరే పవర్ వైరు కూడా అక్కర్లేదు.

టెక్నీషియన్: బాగానే చదివావు. కానీ ఒకటి వదిలేశావు. నీ బోర్డు చిప్‌సెట్, అంటే బోర్డుని నడిపే ముఖ్యమైన చిప్, ఏది?

కాలర్ (అబ్బాయి): హెచ్81 సార్.

టెక్నీషియన్: కార్డు గుచ్చే స్లాట్‌లో పదహారు లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, ఉంటాయి. ఆ 6400 వాడేది నాలుగే. కొత్త బోర్డులో రోడ్డు స్పీడు ఎక్కువ కాబట్టి నాలుగు లేన్లతో సరిపోతుంది. నీ హెచ్81ది పాత రెండో తరం స్లాట్, స్పీడు తక్కువ. మన హైవే మీద లారీలన్నీ మడపాం టోల్‌గేట్ దగ్గర ఒక్క గేటుకి చేరినట్టు ఉంటుంది. డబ్బంతా పెట్టి, గేమ్ మధ్యలో ఆగి ఆగి కదులుతుంటే నన్ను తిట్టుకుంటావు. 1650కి పదహారు లేన్లూ ఉన్నాయి, 75 వాట్లు, నాలుగు జీబీ. పవర్ వైరు గుచ్చక్కర్లేని మోడల్ చూసి తీసుకో.

కాలర్ (అబ్బాయి): 1050 టీఐ అయితే ఇంకా తక్కువకి వస్తోంది సార్.

టెక్నీషియన్: దానికి కొత్త గేమ్స్ కోసం వచ్చే డ్రైవర్లు, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, 2025 అక్టోబర్‌తో ఆపేశారు. 750 టీఐకి కూడా అంతే. ఇకమీదట సెక్యూరిటీవి మాత్రమే. పాత గేమ్స్ ఆడతావు కాబట్టి నడుస్తుంది, కానీ ఇప్పుడు డబ్బిచ్చి కొనడమెందుకు? జీటీ 710 అని నాలుగు వేలకి ఎవడైనా అంటగడతాడు, దాని జోలికి అసలు పోవద్దు. అది తెర మీద బొమ్మ రావడానికే. మానిటర్ ఎంత?

కాలర్ (అబ్బాయి): పద్దెనిమిదిన్నర అంగుళాలు సార్. 1366, 768.

టెక్నీషియన్: అదృష్టవంతుడివి. చుక్కలు తక్కువ, కార్డుకి బరువు తక్కువ. కాకపోతే నీది వీజీఏ వైరు, నీలం రంగు పిన్నుది. ఈ కార్డులకి వీజీఏ ఉండదు. హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ ముందే తెచ్చుకో. కార్డు బిగించేసి తెర మీద ఏమీ రావట్లేదని రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్లు నాకు చాలామంది.

కాలర్ (అబ్బాయి): విండోస్ 11 వేసుకోవచ్చా సార్?

టెక్నీషియన్: విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల లిస్టులో నీది లేదు. ఎనిమిదో తరం నుంచే. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు, కానీ విండోస్ 11లో వాలరెంట్‌కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాట్లు రెండూ కావాలి. అడ్డదారిన ఎక్కించావంటే వాలరెంట్ తెరుచుకోదు. విండోస్ 10లోనే ఉండు. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు, అది చేసుకో. మీ నాన్నగారి యూపీఐ, బ్యాంకు పనులు మాత్రం దాంట్లో చెయ్యనివ్వకు.

కాలర్ (అబ్బాయి): జీటీఏ సిక్స్...

టెక్నీషియన్: పీఎస్5, ఎక్స్‌బాక్స్ అనే గేమ్ మిషన్లకి ప్రకటించారు. కంప్యూటర్ మాటే లేదు. ఇంటర్ పరీక్షలు రాయి నాయనా.

కాలర్ (నరసన్నపేట): ఆ, నేనండి. మొత్తం విన్నాను. అయితే ముప్పై వేలు పెట్టొచ్చంటారు.

టెక్నీషియన్: (నవ్వుతూ) వద్దన్నానండీ! కార్డు, ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అన్నీ కలిపి పదిహేను వేలు దాటితే ఆపేయండి. అది దాటిందంటే కొత్తదానికి దాచుకోవాల్సిన డబ్బు. ముందు స్టిక్కర్ చదివి మళ్లీ ఫోన్ చెయ్యండి.

యాంకర్: ధన్యవాదాలు సార్. తర్వాత విజయనగరం.

కాలర్ (విజయనగరం): సార్, మా బాబుది ల్యాప్‌టాప్. అందులో గ్రాఫిక్స్ కార్డు మార్చి...

టెక్నీషియన్: ల్యాప్‌టాప్‌లో మార్చడం కుదరదమ్మా. బోర్డుకే అతికేసి ఉంటుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ పెంచొచ్చేమో, మోడల్ చూసి చెప్పాలి.

యాంకర్: థాంక్యూ అమ్మా. చీపురుపల్లి, చెప్పండి.

కాలర్ (చీపురుపల్లి): సార్, ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ చవగ్గా వచ్చిందని కొన్నాను. ఆరో తరం ఐ5. 1650 కార్డు కూడా తెప్పించాను. కార్డు పెడితే మూత పడట్లేదు.

టెక్నీషియన్: సన్నది కదా? పుస్తకంలా నిలబెట్టేది?

కాలర్ (చీపురుపల్లి): అవును సార్.

టెక్నీషియన్: దాంట్లో సగం ఎత్తుండే కార్డే పడుతుంది. లో ప్రొఫైల్ అని అడగాలి. కార్డు వెనక్కి తీసుకుంటారేమో ఈరోజే అడగండి. ఇంకోటి, ఎస్‌ఎంపీఎస్ చూశారా?

కాలర్ (చీపురుపల్లి): 240 వాట్లు అని ఉంది.

టెక్నీషియన్: బ్రాండెడ్‌వాళ్లు రాసింది నిజమే ఉంటుంది. 75 వాట్ల కార్డుని లాగుతుంది. కానీ అది పోతే బజారులో దొరికే మామూలు డబ్బా దానికి పట్టదు. సైజూ వేరు, చాలావాటికి బోర్డులో గుచ్చే పిన్నూ వేరు. ఆఫీసు మిషన్ కొనేవాళ్లందరికీ చెబుతున్నాను. చవక అని ఎగబడకండి. కొంటే నిలువుగా పెద్దగా ఉండే టవర్ కొనండి, సన్నది వద్దు.

కాలర్ (చీపురుపల్లి): మూత తీసేసి వాడుకుంటే?

టెక్నీషియన్: బల్లులు దూరతాయి. నా షాపుకి వచ్చాయి అలాంటివి.

యాంకర్: (నవ్వు) కళింగపట్నం కాల్ ఉంది.

కాలర్ (కళింగపట్నం): సార్, గేమ్ పెట్టిన పది నిమిషాలకి దానంతటదే ఆగిపోతోంది. కొత్త ప్రాసెసర్ వెయ్యాలంటున్నారు.

టెక్నీషియన్: ఎవరన్నారు? ముందు శుభ్రం చేయించండి. మీది సముద్రం పక్క, ఉప్పుగాలి. స్క్రూలు తుప్పు పడతాయి, ఫ్యాన్‌కి బూజు, దుమ్ము ముద్దలా పట్టేస్తుంది. ప్రాసెసర్ మీద రాసే పేస్టు పదేళ్లకి సుద్దలా ఎండిపోతుంది. వేడి హద్దు దాటితే అదే ఆపేసుకుంటుంది, అది రక్షణ. పేస్టు మార్చి ఫ్యాన్ తుడిస్తే మూడొందలతో పోయే పని. అప్పటికీ ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్ చూడండి.

యాంకర్: రాజాం, త్వరగా చెప్పండి, టైమ్ తక్కువుంది.

కాలర్ (రాజాం): అన్నా, ఆర్ఎక్స్ 580 ఎనిమిది జీబీ, ఆన్‌లైన్‌లో ఒకాయన చాలా తక్కువకి ఇస్తానంటున్నాడు. నాది మూడో తరం ఐ5.

టెక్నీషియన్: నీ ఎస్‌ఎంపీఎస్?

కాలర్ (రాజాం): మామూలుదే అన్నా.

టెక్నీషియన్: అది 185 వాట్ల కార్డు. మామూలు డబ్బా మీద పెడితే పొగొస్తుంది. క్రిప్టో మైనింగ్‌లో రాత్రీపగలూ తిప్పేసి అమ్మేసేవి చాలా ఉన్నాయి. పైగా 580 పేరుతోనే 2048ఎస్‌పీ అని ఒక రకం తిరుగుతోంది, అది అసలు 580 కాదు, తక్కువది. కళ్ల ముందు గేమ్ అరగంట ఆడించి చూపిస్తేనే డబ్బివ్వు. అడ్వాన్స్ పంపమన్నాడా?

కాలర్ (రాజాం): సగం పంపమన్నాడు.

టెక్నీషియన్: పంపకు. ఇంకోటి, మూడో తరం ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే సదుపాయం లేదు, నాలుగో తరంలో వచ్చింది. అది లేకపోతే కొన్ని కొత్త గేమ్స్ అసలు తెరుచుకోవు, నువ్వెంత కార్డు పెట్టినా సరే.

యాంకర్: బొబ్బిలి. ఒక్క ప్రశ్న.

కాలర్ (బొబ్బిలి): కొత్తదే కొంటున్నాను సార్. ఇప్పుడు కార్డుకి డబ్బు లేదు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకోవచ్చా?

టెక్నీషియన్: తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ దాంట్లోనే ఉంది, వాలరెంట్ బాగా నడుస్తుంది. కార్డు తర్వాత వేసుకోవచ్చు. కానీ ర్యామ్ ఒకే పదహారు జీబీ వద్దు, ఎనిమిది ఎనిమిది జీబీవి రెండు వేసుకో. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండుంటే దారి రెండింతలు. ర్యామ్ రేటు మాత్రం నన్నడక్కండి. ఏఐ కంపెనీలు ఎగబడి కొంటుంటే పెరిగిపోయింది. నిన్న చెప్పిన రేటు ఇవాళ లేదు.

యాంకర్: టైమ్ అయిపోవస్తోంది. ఆఖరి కాల్... మళ్లీ నరసన్నపేట!

కాలర్ (నరసన్నపేట): నేనేనండి. రేకు విప్పించాను, ప్లగ్ పీకించే లెండి. 450 వాట్స్ అని పెద్దగా ఉంది. 12 వోల్టుల దగ్గర 14 ఏ అని ఉందండి.

టెక్నీషియన్: చూశారా! 12ని 14తో గుణిస్తే 168. అసలు బలం అదీ, అది కూడా కొత్తలో. మీ ప్రాసెసర్ 84 వాట్లు, కార్డు 75. రెండూ కలిపితే 159. ఇంక ఫ్యాన్‌కి, డిస్క్‌కి ఏం మిగిలింది? పదేళ్లు దాటిన డబ్బా. కార్డు కొనే ముందే దాన్ని మార్చండి. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్నది, పేరున్న కంపెనీది, మూడు వేల దాకా అవుతుంది. మీవాడికి కూడా అర్థమైందా?

(వెనక నుంచి: అర్థమైంది సార్!)

కాలర్ (నరసన్నపేట): అర్థమైందండి. అయితే మొత్తం మీద ఆ ముప్పై వేలు...

యాంకర్: సార్, సార్, టైమ్ అయిపోయిందండి. టెక్నీషియన్ గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. వార్తల తర్వాత వ్యవసాయ కార్యక్రమం.