జెనోసైడ్ స్టడీస్‌కి వెళ్తున్నారా? ముందు తీర్పు చదవడం నేర్చుకోండి

అందరికీ నమస్తే అండి. వెనకాల కనిపిస్తున్నది కర్నూలు కొండారెడ్డి బురుజు. సెలవులకి వచ్చినప్పుడల్లా ఇక్కడి లా, పొలిటికల్ సైన్స్ పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, ఫారిన్‌లో జెనోసైడ్ (జాతి నిర్మూలన), హ్యూమన్ రైట్స్ మాస్టర్స్ అంటే ఏం చెప్తారు?" చరిత్ర పాఠాలే అనుకుని వస్తే మొదటి నెలలోనే తడబడతారు. సగం లా, సగం సాక్ష్యాల వేట.

మొదట 1948 డిసెంబర్ 9 నాటి జెనోసైడ్ కన్వెన్షన్ (దేశాల మధ్య ఒప్పందం)లో రెండో ఆర్టికల్ పట్టుకోండి. అర పేజీ కూడా ఉండదు. రక్షణ ఉన్నది నాలుగు రకాల సమూహాలకే: దేశం, తెగ, రేస్, మతం. నేరమయ్యే పనులు ఐదు. చంపడం ఒక్కటే కాదు, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించినా ఇందులోకే వస్తుంది. అన్నిటికీ మించి, ఆ సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువవ్వాలి. కేసులు ఇరుక్కునేది అక్కడే, మనవాళ్ల మార్కులు పోయేదీ అక్కడే. మృతుల లెక్క రాసేసి "కాబట్టి జెనోసైడ్" అని ముగించేస్తారు!

కంబోడియానే చూడండి. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు ముఠా పాలనలో, 1975-79 మధ్య, సుమారు 17 లక్షల మంది పోయారు. ఆ నేరాల కోసం పెట్టిన ప్రత్యేక కోర్టు 2018 తీర్పులో జెనోసైడ్ రుజువైంది మాత్రం వియత్నామీలు, చామ్ ముస్లింల విషయంలోనే. మిగతా ఘోరాలు మానవాళిపై నేరాల కింద లెక్కకొచ్చాయి. రాజకీయ శత్రువులన్నది ఆ నాలుగింట్లో లేదు మరి.

చదవడానికి మొదటి తీర్పు అకయేసుది. రువాండాలో టాబా అనే ఊళ్ల కూటమికి పెద్ద ఆయన. 1998 సెప్టెంబర్ 2న రువాండా కేసుల కోసం ఐక్యరాజ్యసమితి టాంజానియాలోని అరూషాలో పెట్టిన ట్రిబ్యునల్ దోషిగా తేల్చింది. అత్యాచారం కూడా జెనోసైడ్ కావచ్చని చెప్పిన తీర్పు అది. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: సమూహం, పని, ఉద్దేశం, సాక్ష్యం. నాలుగో గడిలో పేరా నంబరు తప్పనిసరి. అక్కడ దాడులకి గురైన టుట్సీ సమూహం వాళ్లని ఎలా గుర్తుపట్టారన్నదానికి అప్పటి గుర్తింపు కార్డుల ప్రస్తావన వస్తుంది, వదలకండి.

కింది కోర్టు తీర్పుతో ఆగిపోవద్దు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995లో ముస్లింలని ఊచకోత కోసిన కేసులో బోస్నియన్ సెర్బ్ సైన్యం జనరల్ క్రిస్టిచ్‌కి 2001లో 46 ఏళ్లు వేస్తే, 2004 అప్పీలులో జెనోసైడ్‌కి తోడ్పడ్డాడన్న మేరకే నిలబెట్టి 35కి తగ్గించారు. మొదటిది మాత్రమే చూసి ఎస్సే రాస్తే, ప్రొఫెసర్ ఎర్ర గీత అక్కడే పడుతుంది.

బతికి బయటపడినవాళ్ల వీడియో వాంగ్మూలాలు రాత్రిపూట వరసగా చూడొద్దు, నిద్ర చెడుతుంది, నోట్సూ చెడుతుంది. పగలు, రోజుకి ఒకటి చాలు. ప్రతి మాట పక్కన నిమిషం, సెకను రాసుకోండి. అది లేకపోతే ఫుట్‌నోట్‌కి పనికిరాదు.

సెమినార్‌లో ఇండియా సంగతి తప్పక అడుగుతారు. 1959లో మనం కన్వెన్షన్‌ని ఆమోదించాం, అయితే మన అనుమతి లేకుండా అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగకూడదని షరతు పెట్టాం. దీనికంటూ ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు.

బయల్దేరేలోపు మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993 తిరగేయండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ని 2021లో కర్నూలుకే తెచ్చారు కదప్పా. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదని 36వ సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదుల్లో తేదీ ఎందుకంత ముఖ్యమో దాంతోనే అర్థమవుతుంది.