ఏడాదికి ఒక్క డాలరు జీతం

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే మడతకుర్చీ, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పిల్లల బేస్‌బాల్ ఆటలకు వెళ్ళే తల్లిదండ్రులే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని చెప్పారు. నేనూ ఆ బాపతే. మొదటి ఏడాదంతా మావాడు బంతి కొట్టగానే ‘బ్యాట్ వదలకురా, పరిగెత్తు’ అని అరిచినవాణ్ణి. ఇక్కడ బ్యాట్ వదిలేసే పరిగెత్తాలి. క్రికెట్ రక్తం, ఏం చేస్తాం! అందుకని ఆట నియమాల జోలికి పోను. ఇదే లాస్ ఏంజెలెస్‌లో ఒక కాలేజీ జట్టును 45 సీజన్లు నడిపిన మనిషి గురించి చెబుతాను.

ఆయన పేరు రాడ్ డీడో. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే ‘డెడియాక్స్’ అనాలనిపిస్తుంది. 1914లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు, అక్కడి ఫ్రెంచి పేరది. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో, అంటే మనం యూఎస్‌సీ అనేచోట, చదివి ఆడాడు. 1935లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు ఆడింది రెండంటే రెండే మ్యాచ్‌లు. నాలుగుసార్లు బ్యాటింగ్‌కు దిగి ఒక్క హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) కొట్టాడు. తర్వాత వెన్ను దెబ్బతింది, ఆటగాడిగా కథ ముగిసింది.

ఏం చేశాడు? లారీలు కొన్నాడు. డార్ట్ అనే రవాణా కంపెనీ పెట్టాడు, అది బాగా పెరిగింది. 1942లో యూఎస్‌సీ కోచ్ శామ్ బ్యారీ యుద్ధానికి నేవీలో చేరితే జట్టు ఈయన చేతికొచ్చింది. బ్యారీ తిరిగొచ్చాక 1950లో ఆయన పోయేదాకా ఇద్దరూ కలిసి నడిపారు. ఆ జోడీ 1948లో మొదటి జాతీయ టైటిల్ గెలిచింది. ఓడింది యేల్ యూనివర్సిటీ. ఆ జట్టు కెప్టెన్, ఫస్ట్ బేస్‌మ్యాన్ ఎవరనుకున్నారు? తర్వాత ప్రెసిడెంటైన పెద్ద బుష్!

కోచ్‌గా డీడో నామమాత్రపు జీతం ఏడాదికి ఒక్క డాలరు. ఇది విని అందరూ త్యాగం అంటారు. నాకు మాత్రం అందులో త్యాగం కన్నా స్వేచ్ఛ కనిపిస్తుంది. ఉద్యోగం ఊడుతుందన్న భయం లేని కోచ్ కుర్రాడి మోచెయ్యి నొప్పెడుతుంటే కూర్చోబెట్టగలడు, ఒక సీజన్ పోయినా తట్టుకోగలడు. అయితే లారీ కంపెనీ ఉంది కాబట్టి ఆయనకు చెల్లింది. నెలనెలా ఇంటి అద్దె కట్టాల్సిన అసిస్టెంట్ కోచ్‌కు ఈ కథ ఆదర్శంగా చెబితే పళ్ళు కొరుకుతాడు. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో హెడ్ కోచ్‌లకు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటే జీతాలున్నాయి. అది వేరే లోకం.

నన్ను పట్టుకున్నది డీడో తప్పుల లెక్క. బంతి గ్లవ్‌లోంచి జారితే క్షమించేవాడు. చెయ్యి అన్నాక జారుతుంది. బుర్ర జారితే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఒక ఉదాహరణ చూడండి. పరుగు రావాలంటే మూడు బేస్‌లు దాటి హోమ్‌కు చేరాలి. సెకండ్ బేస్ మీద మనిషున్నాడు. బ్యాటర్ సింగిల్, అంటే ఫస్ట్ బేస్ దాకా చేర్చే హిట్, కొట్టాడు. ముందున్నవాడు ఎలాగూ హోమ్‌కు చేరిపోతాడు, ఆపలేం. ఫీల్డర్ ఆవేశపడి హోమ్‌కే విసిరాడు. బంతి గాల్లో ఉండగా కొట్టినవాడు తీరిగ్గా సెకండ్ బేస్‌కు వచ్చి నిలబడ్డాడు. స్కోర్‌షీట్లో దాన్ని ‘ఎర్రర్’ అని రాయరు. డీడో లెక్కలో అసలు తప్పు అదే. మన ఇళ్ళల్లో ‘చేసిన తప్పే మళ్ళీ చెయ్యకు’ అంటాం కదా, ఆయన మాట ఇంకో మెలిక: ‘ఒకే తప్పు ఒక్కసారి కూడా చెయ్యొద్దు.’ మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. తర్వాత బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఆ తప్పు పక్కవాడు చేస్తుంటే వాళ్ళు చూస్తూనే ఉంటారుగా.

అందరినీ ‘టైగర్’ అని పిలిచేవాడు. రేపు పెద్ద స్టార్ అయ్యేవాడూ టైగరే, బెంచీ దిగనివాడూ టైగరే.

ఇక 1973, ఒమాహా. జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ 1950 నుంచీ జరిగేది ఆ ఊళ్ళోనే. అవతల మిన్నెసోటా, వాళ్ళ పిచర్, అంటే బంతి విసిరేవాడు, డేవ్ విన్‌ఫీల్డ్. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మూడింట్లోనూ ప్రొఫెషనల్ జట్లు డ్రాఫ్ట్ చేసిన, అంటే తమకు కావాలని ఎంచుకున్న, మనిషి. ఎనిమిది ఇన్నింగ్స్‌లో 15 మందిని స్ట్రయికౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. యూఎస్‌సీకి దక్కింది ఒక్క హిట్, అదీ ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల చుట్టూ ఉండే దగ్గరి మైదానం, దాటనిది. స్కోరు 7-0. తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. క్రికెట్‌లో అయితే జనం పార్కింగ్ వైపు నడుస్తుంటారు. హిట్లు పడటం మొదలైంది. అలసిపోయిన విన్‌ఫీల్డ్ పిచర్ నిలబడే మౌండ్ దిగి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి వెళ్ళాడు. అక్కడ నిలబడి తన ఏడు పరుగుల ఆధిక్యం కరిగిపోవడం చూశాడు. యూఎస్‌సీ 8-7తో గెలిచింది, తర్వాత టైటిల్ కూడా. 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదు టైటిళ్ళలో అది నాలుగోది. డీడోవి మొత్తం 11.

స్కాలర్‌షిప్ గురించి అడుగుతారని తెలుసు, కాబట్టి టామ్ సీవర్ సంగతి చెబుతాను. ఫ్రెస్నోలో జూనియర్ కాలేజీ కుర్రాడు. డీడో వెంటనే చేతిలో పెట్టెయ్యలేదు. 1964 వేసవిలో అలాస్కా వెళ్ళి గోల్డ్‌ప్యానర్స్ జట్టుకు బౌలింగ్, అదే, పిచింగ్ చెయ్యమన్నాడు. అక్కడ నెగ్గాకే స్కాలర్‌షిప్. ఆ సీవర్ అమెరికాలో పైస్థాయి ప్రొఫెషనల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 311 విజయాలు సాధించాడు. మార్క్ మెక్‌గ్వైర్ యూఎస్‌సీకి పిచర్‌గా వచ్చాడు, హోమ్ రన్లు బాదే బ్యాటర్‌గా బయటికెళ్ళాడు. అయినా ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకండి. మొన్నమొన్నటిదాకా పైస్థాయి కాలేజీ జట్టుకు మొత్తం 11.7 స్కాలర్‌షిప్‌లే, ముక్కలు చేసి పంచేవాళ్ళు.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో ప్రదర్శన మ్యాచ్‌కు అమెరికా జట్టును తీసుకెళ్ళింది ఈయనే. అమెరికా, జపాన్ కాలేజీ కుర్రాళ్ళ మధ్య సిరీస్ మొదలవడం వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. 1984 ఒలింపిక్స్ మన ఊరికే వచ్చాయి. డాడ్జర్ స్టేడియం, కోచ్ డీడో, జట్టులో తర్వాత మేజర్ లీగ్ స్టార్లైన మెక్‌గ్వైర్, విల్ క్లార్క్, బ్యారీ లార్కిన్. ఫైనల్లో ఎదురొచ్చింది జపాన్. 6-3తో అమెరికా ఓడిపోయింది.

రెండేళ్ళకు, 1986లో, 1,332 గెలుపులతో దిగిపోయాడు. కుర్చీ మైక్ గిలెస్పీకి వచ్చింది. 1961లో డీడో దగ్గరే టైటిల్ గెలిచిన ఆటగాడు, 1998లో కోచ్‌గానూ గెలిచాడు. డీడో 2006 దాకా బతికాడు, ఆ గెలుపు కూడా చూశాడు.

ప్రశ్నలుంటే అడగండి. నియమాల గురించైతే మాత్రం వెనక వరసలో కూర్చున్న మావాణ్ణి అడగండి.