మూడు కిలోలు ఎక్కువైతే: విమాన బ్యాగేజీ ఛార్జీల్లో న్యాయమెంత?

అందరికీ నమస్కారం.

బడ్జెట్ విమానాల బ్యాగేజీ ఛార్జీల గురించి మాట్లాడమన్నారు. ఇక్కడున్నవాళ్లలో చాలామంది విమాన కంపెనీలను దులిపేస్తానని వచ్చుంటారు. దులుపుతాను. కానీ ముందు కాసేపు వాళ్ల తరఫున మాట్లాడనివ్వండి.

బ్యాగేజీకి విడిగా డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని పొద్దున బెంగళూరు వెళ్లి రాత్రికి ఇంటికొచ్చే ఉద్యోగి ఒకరు. రెండు పెద్ద సూట్‌కేసులతో పెళ్లికి వెళ్లేవారు ఇంకొకరు. ఇద్దరికీ టికెట్ ఒకే రేటైతే, ఆ ఉద్యోగి పెళ్లివారి సామాను ఖర్చులో కొంత తానే భరిస్తున్నట్టు లెక్క. ఎవరి సామానుకు వాళ్లు కట్టుకోవడమే సబబు కదా. యూరప్‌లో ర్యాన్‌ఎయిర్ 2006లో ఈ పని మొదలుపెట్టింది. 2008లో ఇంధనం ధరలు మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి బ్యాగుకే 15 డాలర్లు అడిగింది. మన దగ్గర 2021లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, చెక్-ఇన్ బ్యాగు లేనివాళ్లకు టికెట్ తగ్గించి అమ్ముకోవచ్చని కంపెనీలకు చెప్పింది. ఇప్పటికీ మన దేశంలో మామూలు ఎకానమీ టికెట్‌తో 15 కిలోల బ్యాగు, చేతిలో 7 కిలోల సంచి వస్తున్నాయి. ఆ మేరకు యూరప్‌వాళ్లకంటే మనం నయం.

ఇంకో సంగతి. విమానాల వ్యాపారం మనం అనుకున్నంత లాభసాటిది కాదు. 2012లో కింగ్‌ఫిషర్ మూతపడింది, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్. మన వైపు తప్పు కూడా ఉంది. ఫోన్‌లో టికెట్ వెతికేటప్పుడు మనం చేసే మొదటి పని తక్కువ ధర పైన వచ్చేలా పెట్టుకోవడం. యాభై రూపాయలు తక్కువుంటే చాలు, కంపెనీ మారిపోతాం. అలాంటప్పుడు టికెట్ ధరలోంచి తీసేయగలిగినవన్నీ తీసేసి, వాటిని వేరేగా అమ్ముకోవాలనే ఎవరైనా చూస్తారు. సీటు ఎంచుకుంటే డబ్బు, సమోసాకు డబ్బు, బ్యాగుకు డబ్బు.

ఇక్కడిదాకా వాళ్ల తరఫు వకాల్తా. ఇక లెక్కలోకి వద్దాం.

కిలో బరువును గంటసేపు గాలిలో మోయడానికి ఎంత ఇంధనం కాలుతుంది? ఈ రంగంలోని వాళ్లు స్థూలంగా చెప్పే లెక్క, ఆ బరువులో గంటకు మూడు నాలుగు శాతం. అంటే కిలోకి ముప్పై నలభై గ్రాములు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గాలిలో ఉండేది గంట. విమాన ఇంధనం లీటరు వంద రూపాయలనుకున్నా, మీ అదనపు కిలోకి కంపెనీకి పడే ఇంధనం ఖర్చు ఐదు రూపాయల చుట్టుపక్కల. పోనీ పది అనుకుందాం. కౌంటర్ దగ్గర అదే కిలోకి వందల్లో అడుగుతారు.

ఖర్చంటే ఇంధనమొక్కటే కాదు, నిజమే. బ్యాగును బెల్టు మీద వేయాలి, ట్రాలీ మీద తేవాలి, లోడర్లు ఎక్కించాలి, దించాలి. విమానం నేల మీద ఎంత ఎక్కువసేపు నిలబడితే కంపెనీకి అంత నష్టం. పొట్టలో బ్యాగు పట్టిన చోటు సరుకు రవాణాకు దక్కదు. కానీ చూడండి, వీటిలో చాలా ఖర్చులు బ్యాగుకు ఇంత అని పడేవే. 15 కిలోల సూట్‌కేసును ఎక్కించడానికి పట్టే సమయమే 18 కిలోల దానికీ పడుతుంది. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటకూడదన్న నియమం వేరు. అది లోడర్ల నడుముల గురించి పెట్టింది, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. మిగతాది మాత్రం కిలోల లెక్కన వసూలు చేయడానికి కారణం కనబడదు.

మరో వైపు నుంచి చూడండి. చెక్-ఇన్ బ్యాగే వద్దు, 15 కిలోలూ వదులుకుంటాను అన్నవాళ్లకు టికెట్‌లో తగ్గించేది, నేను చూసినంతలో, కొద్ది వందలు. ఒక్క కిలో ఎక్కువ తెచ్చినవాళ్ల దగ్గర తీసుకునేదీ వందల్లోనే. పదిహేను కిలోలు వదులుకుంటే ఒక ధర, ఒక్క కిలో పెరిగితే దాదాపు అంతే ధర! ఏ ఖర్చు లెక్కా దీన్ని సమర్థించలేదు. పేరుకు ఫీజు, వసూలు చేసే తీరు జరిమానా.

జరిమానా వేయడమే తప్పా? రైల్వే కూడా వేస్తుంది. స్లీపర్‌లో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50, ఫస్ట్ ఏసీలో 70 కిలోలు ఉచితం. బుక్ చేయకుండా ఆ పరిమితి బాగా దాటి పట్టుబడితే లగేజీ రేటుకు ఆరు రెట్లు కట్టాలి. కానీ అక్కడ అసలు రేటే చాలా తక్కువ, దాని మీద ఆరు రెట్లు. విమానంలో అసలు రేటెంతో చెప్పేవాళ్లే లేరు. ఐదు రూపాయల ఖర్చుకు ఐదు వందలంటే వంద రెట్లు.

శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ల ముందు ఓ పావుగంట నిలబడితే దీని బాధ ఎవరి మీద పడుతుందో తెలిసిపోతుంది. నెలకు నాలుగుసార్లు తిరిగేవాళ్లకు ఈ టెన్షన్ ఉండదు. వాళ్ల సంచి కొలతకు సరిపోయేట్టే కొన్నది. పైగా తరచూ తిరిగినందుకు ఏదో కార్డు ఉంటుంది, దాని మీద అదనపు కిలోలు ఉచితం. కింద కూర్చుని సూట్‌కేసు విప్పేది వేరేవాళ్లు. కూతురి కాన్పుకు పుణె వెళ్తున్న తల్లి. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోతున్న పిల్ల. జగిత్యాల వైపు నుంచి మొదటిసారి దుబాయ్ పోతున్న కుర్రాడు. గోధుమ రంగు టేపు చుట్టిన అట్టపెట్టె విప్పి, సకినాల డబ్బా తీసి సాగనంపడానికి వచ్చిన బావ చేతికిస్తాడు. ఇంకో కిలో తగ్గాలంటే ఎండకాలంలో జాకెట్ తొడుక్కుంటాడు. అదే జాకెట్, అదే మనిషి, అదే విమానం. ఒంటి మీదకు రాగానే బరువు మాయమైపోయింది!

ఆ తల్లితో కౌంటర్ అమ్మాయి అంటుంది: "అమ్మా, మూడు కిలోలు ఎక్కువుంది. కార్డా, యూపీఐనా?" ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు. వెనుక క్యూ, ముందు కంప్యూటర్, ఆమె చేతిలో ఏమీ లేదు. కానీ ఆ క్షణంలో ఆ తల్లి చేతిలో కూడా ఏమీ లేదు. టికెట్ రద్దు చేసుకోలేదు, ఇంకో కంపెనీకి పోలేదు, గోంగూర పచ్చడి చెత్తబుట్టలో వేయలేదు. సరిగ్గా అప్పుడే ధర అన్నిటికంటే ఎక్కువ. అదే సామాను ఇంట్లో కూర్చుని ముందురోజు ఆన్‌లైన్‌లో కొంటే తక్కువకు వస్తుంది. ముందే చెప్పినవాళ్లకు తగ్గింపు ఇవ్వడం నాకు సమ్మతమే, విమానంలో ఎంత బరువు వస్తుందో కంపెనీకి ముందే తెలుస్తుంది. కానీ ఆ తేడా ఎంతవరకు ఉండాలన్నదానికి హద్దు లేదు.

హద్దు పెట్టే ప్రయత్నం జరిగింది. 2016లో డీజీసీఏ, 15 నుంచి 20 కిలోల మధ్య ఉన్న బరువుకు కిలోకి 100 రూపాయలు మించకూడదంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2017లో కోర్టు ఆ పరిమితిని కొట్టేసింది. నిజానికి ఆ వంద కూడా ఖర్చుకు ఎన్నో రెట్లే.

"నేను 55 కిలోలు, పక్కాయన 110, మరి నాకెందుకు జరిమానా?" అని చాలామంది అడుగుతారు. సరదాగా ఉంటుంది కానీ ఈ వాదన నాకు నచ్చదు. 2013లో సమోవా ఎయిర్ మనిషినీ సామానునూ కలిపి తూచి టికెట్ అమ్మింది. లెక్క ప్రకారం అది అతి న్యాయమైన పద్ధతి. మన అత్తగారిని అందరి ముందు కాటా ఎక్కించే న్యాయం మాత్రం మనకొద్దు.

యూరప్ కోర్టు 2014లో స్పెయిన్ విమాన కంపెనీ వ్యూలింగ్ కేసులో ఒక గీత గీసింది. చెక్-ఇన్ బ్యాగుకు విడిగా డబ్బు తీసుకోవచ్చు, సబబైన బరువు, సైజులో ఉన్న చేతి సంచికి మాత్రం తీసుకోకూడదు అని. దాన్ని లెక్కచేయలేదని 2024 నవంబరులో స్పెయిన్ ఐదు కంపెనీలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. కంపెనీలు ఒప్పుకోలేదు, పోరాడుతున్నాయి. అయినా గీత అంటూ ఒకటుంది.

మన దగ్గర గీత గీయడానికి చట్టాలు లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందమంటే ఏమిటో చెప్పారు. ఒప్పందం తప్పినందుకు అవతలివాళ్లకు జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేయడం అందులో ఒకటి. ఐదు రూపాయల ఖర్చు, వందల్లో వసూలు. "ఇది జరిమానా కాదు, సేవకు ధర" అని కంపెనీ లాయరు తప్పకుండా అంటారు. అననివ్వండి. ఆ ధర ఏ ఖర్చు మీద కట్టారో వినియోగదారుల కమిషన్ ముందు చెప్పాల్సి వస్తుంది కదా, నాకు కావలసింది అదే. ఇలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి.

రెండోది, డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను బోల్తా కొట్టించే ఎత్తుగడల మీద, 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు. మొదట తక్కువ ధర చూపించి, ఒక్కో పేజీ దాటేకొద్దీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం, మీరు అడగనిది బిల్లులో కలపడం, రెండూ అందులో నిషేధించారు. టికెట్ కొనేటప్పుడు మొదటి పేజీ, చివరి పేజీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. కౌంటర్ దగ్గరి రేటు కూడా టికెట్ ధర పక్కనే అదే సైజు అక్షరాల్లో కనబడాలని నా డిమాండ్. ఇప్పుడది ఏ మూలో ఉన్న లింకులో ఉంటుంది.

మూడోది కాటా. ఉల్లిపాయలు అమ్మే బండి కాటాకైనా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. డబ్బు వసూలు చేయడానికి వాడే ఏ కాటాకైనా అంతే, ఎయిర్‌పోర్టులోదీ మినహాయింపు కాదు. ముద్ర ఎక్కడుందో, గడువు ఎప్పటిదాకా ఉందో మర్యాదగా అడగండి. అనుమానమొస్తే పక్క కౌంటర్ కాటా మీద మళ్లీ తూచమనండి. ఒకే పీఎన్ఆర్ మీద కుటుంబమంతా వెళ్తుంటే అందరి బరువూ కలిపి చూడమని కూడా అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. అన్నట్టు, కుడుకలు పెట్టుకోకండి. ఎండుకొబ్బరి నిప్పంటుకునే సరుకని తీయించేస్తారు, అప్పుడు ఎంత తూకమైనా ఒకటే.

డబ్బు కట్టక తప్పకపోతే కట్టేయండి, విమానం పోగొట్టుకోకండి. కిలోల సంఖ్య వేసిన రసీదు మాత్రం అడిగి తీసుకోండి. విమాన ప్రయాణికుల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కాటా తప్పు, చెప్పని ఛార్జీ లాంటి మామూలు ఫిర్యాదులకు మీరుండే జిల్లా కమిషన్ చాలు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

రసీదులు దాచుకున్నవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. మూడు కిలోల కోసం ఒక్కరే రాష్ట్ర కమిషన్ మెట్లెక్కడం కష్టం, ఓ ఇరవై రసీదులుంటే కలిసి వేయొచ్చు. వెనుక వరుసలో ఎవరో చెయ్యెత్తారు, అడగండి.